వాపసు వచ్చిన శాలువా

ఎవరైనా శాలువా పట్టుకుని నా వైపు వస్తే ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేస్తాను. చూసేవాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. నేను దిద్దను, అలాగే అనుకోనిస్తాను. అది వినయం కాదు, ఒళ్ళుమంట. ఆ మంట ఎవరి మీదో ఇన్నేళ్ళకు కాస్త తేటపడింది కాబట్టి రాస్తున్నాను.

మాది రాయచోటి. నాయనది బట్టల అంగడి, పెద్దదేమీ కాదు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద నాయన కూర్చునేవాడు. వెనక చెక్క అరల నిండా తానులు, ముందు ఇనుప మీటరు కడ్డీ, పక్కన కత్తెర. లైనింగు గుడ్డ, పాప్లిను, పంచెలు, తువ్వాళ్ళు, పెళ్ళిళ్ళ కాలంలో చీరలు అమ్మేవాడు. నాయనకు రెండు పట్టింపులుండేవి. తను అమ్మిన గుడ్డలో లోపముందని ఎవరైనా తెస్తే మారుమాట లేకుండా వాపసు తీసుకునేవాడు. తీసుకునే ముందు దాన్ని వెలుతురుకు ఎత్తి, బొటనవేలి కింద జరుపుకుంటూ అంగుళం అంగుళం చూసేవాడు. లోపం దొరికితే తనే తప్పు చేసినట్టు ముఖం చిన్నబుచ్చుకునేవాడు.

రెండో పట్టింపు బోణీ. ఆనాటి మొదటి బేరం కుదిరి, వచ్చిన డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. బోణీ కాకముందు వాపసు తీసుకోడు. ఇంట్లోవాళ్ళు కొంటే అది బోణీ కిందికి రాదు. ఇక మొగుడు పోయిన ఆడమనిషి చేత బోణీ అసలే చేయించడు. ఇవేవీ నాయన కనిపెట్టినవి కాదు, బజారంతా అంతే. తాత గద్దె మీద కూర్చున్నప్పుడూ అంతేనట.

మా వెనక వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ ఒకామె ఉండేది. నాకంటే పదీ పన్నెండేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేవాణ్ణి. ముప్పై నిండకుండానే భర్త పోయాడు. మిషను తొక్కి ఇద్దరు పిల్లల్ని పెంచింది. పొద్దున పనిలో కూర్చునే లోపల ఆమెకు లైనింగు గుడ్డా దారమూ కావాలి కాబట్టి అంగడి తీయగానే వచ్చేది. వచ్చి మెట్టు మీద కూర్చునేది.

"బోణీ కానీమ్మా, అట్ల కూచో" అనేవాడు నాయన. కసురుకునేవాడు కాదు, మర్యాదగానే అనేవాడు. ఆ మర్యాద తలచుకుంటేనే ఇప్పుడు నాకు ఎక్కువ కోపం. ఒక్కోరోజు పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చేవారు. ఒక్కోరోజు గంట పట్టేది. ఎవరూ రాకపోతే ఆమె లేచి, కుచ్చిళ్ళు దులుపుకుని, ఉత్త చేతులతో ఇంటికి పోయేది. కాలేజీకి పోతూ కొన్నాళ్ళు, అంగట్లో కూర్చుని కొన్నాళ్ళు, ఇరవై ఏళ్ళపాటు ఇది చూశాను. అందులో నాకు వింతేమీ కనిపించలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన రెండు మూడేళ్ళకు నాయనకు మతి తప్పడం మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత కొలతలు పోయాయి. ఒక పెళ్ళివారి చీరను జాకెట్టు గుడ్డ అనుకుని నడిమికి కత్తిరించేశాడు. అమ్మ చనిపోయి ఆరేళ్ళయినా, గుడి నుంచి ఇంకా రాలేదేమని రోజూ అడిగేవాడు. కర్నూలు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపిస్తే, ఇది వయసుతో వచ్చే మరుపు కాదు, జబ్బు, తగ్గేది కాదు, ఉన్నన్నాళ్ళూ గాబరా పడకుండా చూసుకోండి అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయన నా వైపు తిరిగి, "ఏమప్పా, మీది యా ఊరు?" అని అడిగాడు.

"రాయచోటి" అన్నాను.

"మాదీ ఆ ఊరే. బట్టలంగడి అంటే ఎవురైనా చెప్తారు. ఒకతూరి రా" అన్నాడు.

నాయనను అంగడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాను. బజారులో అంగడిని రెడీమేడ్ షాపుగా మార్చాను. అప్పటికి అందరూ అదే చేస్తున్నారు. నాయన మాత్రం అన్నం మానేశాడు. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే తల తిప్పుకునేవాడు. పళ్ళెం తోసేసేవాడు. వారం రోజుల్లో దవడలు లోపలికి పోయాయి. జబ్బు ముదిరిందనుకున్నాం. చివరికి నా భార్యే పట్టుకుంది. "మామ ఏమో గొణుగుతాండాడు, దగ్గరికి పోయి ఇను" అంది. వంగి విన్నాను. "బోణీ కాలేదు, బోణీ కాలేదు" అంటున్నాడు.

ఆ సాయంత్రమే వీధి గదిలో పరుపు వేశాం. పాత అరలు రెండు తెచ్చి నిలబెట్టి, అమ్ముడుపోని తానులు నాలుగు సర్దాం. కడ్డీ ముందు పెట్టాం. కత్తెర మాత్రం పెట్టలేదు. పొద్దున్నే నాయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తనంతట తనే వెళ్ళి కూర్చున్నాడు. నా భార్య కొనడానికి పోతే, "ఇంట్లోవాళ్ళ చేత బోణీ ఏందమ్మా, బుద్ధుండాదా?" అని కేకలేశాడు. కోడలని గుర్తులేదు, ఇంటిమనిషని మాత్రం గుర్తుంది. ఇరుగుపొరుగును బతిమాలాను. రెండు రోజులు సంబరంగా వచ్చారు. మూడో రోజు ఒకరికి నడుము పట్టేసింది, ఒకరింటికి చుట్టాలొచ్చారు, ఒకరు నన్ను చూసి సందు మార్చారు.

అలాంటి ఒక పొద్దున, కుట్టిన జాకెట్లు ఇచ్చిపోదామని వెనక వీధి అక్క వచ్చింది. వీధి గదిలో పరుపు మీద నాయనను చూసి, పాత అలవాటు కొద్దీ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇప్పుడీయన ఏమంటాడో అనుకున్నాను.

"ఆడ కూచుంటివేమ్మా? లోపలికి రా, పొద్దున్నే బోణీ చెయ్యి" అన్నాడు నాయన.

ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. లేచి, గడప దాటి లోపలికి వచ్చింది. ఎర్ర లైనింగు గుడ్డ ముక్క ఒకటి తీసి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని బేరం మొదలుపెట్టింది.

"ఇదేంది శెట్టీ, ఇంత పలచగా ఉండాది. ఉతికితే రంగు పోతాదేమో."

"రంగు పోతే తెచ్చి నా మొగాన కొట్టుమ్మా. వాపసు తీసుకుంటా."

"శానా చెప్తాండావు. రొంత తగ్గించు."

నాయన ముఖం వెలిగిపోయింది. అరగంట సేపు గీచి గీచి బేరమాడుకున్నారు. ఆమె ఇచ్చిన రూపాయి బిళ్ళను కళ్ళకద్దుకుని పెట్టెలో వేసి, "ఇంగ అన్నం పెట్టుమ్మా" అన్నాడు నా భార్యతో. ఆ రోజు రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

మరునాడు ఆమె తనంతట తనే వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. దాదాపు నాలుగేళ్ళు వచ్చింది. సాయంత్రం ఆ ఎర్ర గుడ్డ ముక్క దొడ్డిదారిన మా ఇంటికి చేరేది, పొద్దున మళ్ళీ అరలో ఉండేది. కొన్నాళ్ళకు ఆమె పని పెరిగింది. బోణీ అయ్యాక అన్నం తినిపించేది, గోళ్ళు తీసేది, ఎప్పుడైనా ఆయన ఏడిస్తే తానులు విప్పించి మళ్ళీ చుట్టించేది. జ్వరంతో దుప్పటి కప్పుకుని కూడా వచ్చింది. ఒకసారి ఒంటిమిట్ట కల్యాణానికని పోయింది. నాలుగు రోజులుండి వస్తానన్న మనిషి మరునాడు మొదటి బస్సుకే దిగి, ఇంటికి కూడా పోకుండా, సంచీతో సహా మా గడప దాటింది. "దేవుడు యాడికీ పోడు, ఈయప్ప కడుపు మాడతాది" అంది. ఏమైనా తీసుకో అక్కా అంటే తీసుకునేది కాదు. నా భార్య ఇచ్చే కాఫీ మాత్రం తాగేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నాయన నిన్ను అన్నేండ్లు మెట్టు మీద కూచోబెట్టినాడు గదక్కా. నీకు కోపం లేదా?"

"ఎందుకుండదు? ఉండాది" అంది. "ఆయప్పకు గ్యాపకమే లేకపాయె, ఇంగ ఎవురి మీద పడేది? ఈ ఊర్లో పొద్దున్నే నన్ను లోపలికి రమ్మనే అంగడి ఇదొకటే."

ఆ మాట విని నేను నవ్వాను కూడా.

ఆ మూడో ఏడే మా వర్తక సంఘం కొత్త హాలు కట్టింది. కడప నుంచి ఎవరో సేవా సంస్థవాళ్ళు కలిశారు. మతి తప్పిన ముసలివాళ్ళకు తోడుగా ఉండి సేవ చేసేవాళ్ళకు సన్మానం చేస్తాం, పేర్లు పంపండి అన్నారు. నేను ఆమె గురించి రెండు పేజీలు రాసి పంపాను. కడపవాళ్ళకు అది బాగా నచ్చిందట, పట్టీలో మొదటి పేరు ఆమెదే పెట్టారు. పరిగెత్తుకుంటూ పోయి ఆమెకు చెప్పాను. మిషను ఆపి, "మొదుటిదా? నాదా?" అని రెండుసార్లు అడిగింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. జాకెట్టు కొత్తది కుట్టుకుంది. ఊరందరికీ కుట్టే మనిషి తనకు కొత్త జాకెట్టు కుట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

సభకు ముందురోజు సంఘం అధ్యక్షుడు నా షాపుకు వచ్చాడు. నూనె మిల్లు ఉన్నాయన, నాకు వరసకు మామ. కూర్చుని, నీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"అంతా బాగుండాది గానీ, రొంత ఆలోచన చెయ్యప్పా. కొత్త హాలు. మొట్టమొదుటి సన్మానం. మొగుడు లేని మనిషితో మొదులుపెడితే మనోళ్ళు ఏమనుకుంటారు? నీకు తెలీదా ఏంది? ముందు నిన్ను పిలుస్తాం. మీ నాయనను సాకుతాండేది నువ్వే గదా. ఆమెను ఆఖర్న పిలుస్తాం. పిలవం అంటాండామా?"

చాలా మాటలు అనవచ్చు. ఇప్పుడైతే నా దగ్గర మూట కట్టుకున్నన్ని ఉన్నాయి. ఆ రోజు ఒక్కటే అన్నాను. "మీ ఇష్టం మామా" అన్నాను. అని, ఆమెకు ఈ మార్పు చెప్పే ధైర్యం లేక, ఇంటికి వేరే దారిన వెళ్ళాను.

హాలు నిండా జనం. ఆమె ముందు వరుసలో కూర్చుంది. పక్కన తన వీధి ఆడవాళ్ళు నలుగురు. మైకులో మొదటి పిలుపు రాగానే ఆమె సగం లేచింది. పిలిచింది నా పేరు. లేచిన మనిషి చీర సర్దుకుంటున్నట్టు నటించి మళ్ళీ కూర్చుంది. నేను ఆమె ముందు నుంచే నడిచి వేదిక ఎక్కాను. దండ వేశారు, శాలువా కప్పారు, ఫ్రేము కట్టిన కాగితం చేతికిచ్చారు. తండ్రిని పసిబిడ్డలా సాకుతున్న కొడుకు అని చదివారు. సాకింది ఎవరో నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఊరు చప్పట్లు కొట్టింది.

తర్వాత, మతి తప్పి మంచం పట్టిన భార్యను చూసుకునే ఒక పదవీ విరమణ చేసిన మేష్టారును పిలిచారు. ఆయన అర్హుడే. తర్వాత హాలుకు సిమెంటు ఇచ్చినాయనకు, గేటు చేయించినాయనకు, ముఖ్య అతిథికి, ముఖ్య అతిథితో వచ్చినవాళ్ళకు కప్పారు. వాళ్ళలో ఎవరికి ఎవరి మరుపుతో సంబంధమో నాకు తెలియదు. ముఖ్య అతిథి ఇంకో ఊళ్ళో పని ఉందని వెళ్ళిపోయాడు. వెనక నుంచి సాంబారు వాసన వచ్చింది. కుర్చీలు జరిగాయి. అప్పుడు ఆమెను పిలిచారు.

ఆమె వేదిక ఎక్కేసరికి శాలువాలు అయిపోయాయి. అధ్యక్షుడు అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చాడు. "నీది ఇట్లియ్యప్పా. నీకు మల్ల తెప్పిస్తాంలే" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇచ్చాను. తీసి, మడతపెట్టి మరీ ఇచ్చాను. ఆయన దాన్ని ఆమెకు కప్పలేదు. చేతుల్లో పెట్టాడు. ఫోటోలు తీసేవాడు అప్పటికే రీలు అయిపోయిందని పెట్టె సర్దుకుంటున్నాడు. ఆమె శాలువాను చూసింది, ఆ తర్వాత ఖాళీగా ఉన్న నా భుజాన్ని చూసింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. భోజనానికి ఉండలేదు. నేను ఉన్నాను, తిన్నాను. ఆ సంగతి కూడా రాయాల్సిందే.

మరునాడు పొద్దున నాయన ఎప్పటిలాగే తయారై పరుపు మీద కూర్చున్నాడు. ఎనిమిదయింది. తొమ్మిది కావస్తుండగా ఆమె వచ్చింది. చేతిలో పేపరులో చుట్టిన పొట్లం ఉంది. వచ్చి, మెట్టు మీద కూర్చుంది.

"లోపలికి రాక్కా" అన్నాను.

"ఎవురన్నా బోణీ చేసినాక వస్తాలేప్పా. నాది వాపసు ఇచ్చే సరుకు" అంది. నా ముఖం చూడలేదు.

లోపల నుంచి నాయన విన్నాడు. "వాపసా? బోణీ కానీమ్మా, అట్ల కూచో" అన్నాడు. అదే మాట, అదే గొంతు, అదే మర్యాద. మూడేళ్ళుగా ఆయన నోట రాని మాట.

ఆమె కూర్చుంది. నాయన కూర్చున్నాడు. మధ్యలో గడప దగ్గర నేను నిలబడ్డాను. ఉప్మా చల్లారింది. పక్కింటికి పోయి పిలిచాను, స్నానం చేస్తున్నారన్నారు. ఎదురింటికి పోయాను, తాళం వేసి ఉంది. వీధిలో పోతున్న పాలాయనను ఆపితే, ఇంకా పది ఇళ్ళు ఉన్నాయని సైకిలెక్కాడు. "పోయి ఆమె కాళ్ళు పట్టుకో" అంది నా భార్య. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కాళ్ళు పట్టుకోలేదు. పదిన్నర అయింది. నాయన చేతిలోంచి కడ్డీ జారి కింద పడింది. తీసుకోవడానికి వంగి లేవలేక, పరుపు మీద అలాగే ఒరిగి, "బోణీ కాలేదు" అన్నాడు చిన్నగా.

ఆమె లేచింది. లోపలికి వచ్చి, ఆయనను లేపి కూర్చోబెట్టి, మీసం మీద చెమట తన కొంగుతో తుడిచింది. ఎర్ర గుడ్డ తీసింది. ఆ రోజు బేరం ఆడలేదు. బిళ్ళ ఆయన అరచేతిలో పెట్టి, "బోణీ అయింది శెట్టీ, తిను" అంది. పళ్ళెం తెప్పించుకుని తినిపించింది. నా భార్య కాఫీ తెచ్చింది. ముట్టలేదు.

ఆయన తిన్నాక పొట్లం విప్పి శాలువా ఆయన ముందు పెట్టింది. "ఇంగ తీసుకో, వాపసు" అంది.

"ఏం లోపముండాదమ్మా?" అన్నాడు నాయన.

"ఉండాది. నువ్వే చూసుకో" అని వెళ్ళిపోయింది.

మరునాటి నుంచి మళ్ళీ మామూలుగానే వచ్చింది. నాయన పోయేదాకా ఇంకో పద్నాలుగు నెలలు వచ్చింది. బోణీ చేసేది, తినిపించేది, పోయేది. కాఫీ తాగలేదు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఏమంటుందో తెలిసే అడగలేదు.

ఆమె వాపసు ఇచ్చిన ఆ రోజు మధ్యాహ్నమంతా నాయన ఆ శాలువాతోనే కూర్చున్నాడు. కిటికీ దగ్గరికి జరిగి, వెలుతురుకు ఎత్తి, బొటనవేలి కింద జరుపుకుంటూ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తిరగేసి మళ్ళీ చూశాడు. అంచు చూశాడు, పోగు చూశాడు. సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి ఇంకా చూస్తూనే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు గానీ, దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"లోపముండాదని ఇచ్చిపోయిందప్పా. నాకు కనపడ్లే. కండ్లు సరిగా ఆనడంలే. నీకేమన్నా కనపడ్తాందా?"

"కనపడ్తాంది" అన్నాను.

"యాడ? చూపించు" అని శాలువా నా చేతికిచ్చాడు.